పొలం గట్టు నుంచి కోర్టు మెట్ల దాకా

మెట్రిక్ గట్టెక్కేసరికి సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ గారికి 22 ఏళ్ళు. మనలో ఆలస్యంగా పాసైనవాళ్ళకు ఇదొక ఊరట!

ఆయన 1875 అక్టోబరు 31న గుజరాత్‌లోని నడియాద్‌లో పుట్టారు. తండ్రి ఝవేర్‌భాయ్ కరంసద్ గ్రామంలో రైతు. తండ్రికి పొలం పనుల్లో సాయపడుతూనే చదువుకున్నారు. అరువు పుస్తకాలతో ప్లీడరు పరీక్ష నెగ్గి, గోధ్రా, బోర్సద్‌లలో క్రిమినల్ లాయరుగా పేరు తెచ్చుకున్నారు.

బారిస్టరు కావాలని పైసా పైసా కూడబెట్టారు. తీరా ప్రయాణ పత్రాలు వచ్చాక, అన్న విఠల్‌భాయ్ తాను ముందు వెళతానన్నారు. ఇద్దరూ వి.జె. పటేల్‌లే! తమ్ముడు సరేనని ఖర్చు కూడా భరించారు.

1909లో భార్య ఝవేర్‌బా బొంబాయిలో కన్నుమూశారు. తంతి అందినప్పుడు ఆయన కోర్టులో సాక్షిని ప్రశ్నిస్తున్నారు. కక్షిదారును నడిమధ్యలో వదలలేక, కాగితం జేబులో పెట్టుకుని పని ముగించారంటారు. అప్పటికి కూతురు మణిబెన్‌కు 5 ఏళ్ళు, కొడుకు డాహ్యాభాయ్‌కు 3. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు.

1910లో లండన్ వెళ్ళి, 1913లో బారిస్టరై తిరిగొచ్చారు. అహ్మదాబాద్‌లో బాగా సాగుతున్న ప్రాక్టీసును దేశం కోసం వదిలేశారు. 1928లో బార్డోలీ రైతుల శిస్తు పోరాటం నడిపి సర్దార్ అయ్యారు. 1948లో హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసినప్పుడు హోం మంత్రి ఆయనే.

1950 డిసెంబరు 15న కన్నుమూసేదాకా మణిబెన్ ఆయన వెంటే ఉన్నారు. దేశానికి ఉక్కుమనిషి, ఇంట్లో అన్నకు తమ్ముడు, తల్లిలేని పిల్లలకు తండ్రి.