రహీం సాహెబు

కోనసీమలో కనుమ పండుగనాడు జగ్గన్నతోటలో జరుగు ప్రభలతీర్థమును మీలో కొందరు చూచియే యుందురు. ఏకాదశ రుద్రుల ప్రభలను చుట్టుపట్ల గ్రామములవారు భుజముల కెత్తుకొని, పచ్చని వరిచేల మీదుగా అచ్చటికి చేర్తురు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారముల ప్రభలు కౌశికను దాటి రావలెను. నీటిలో ప్రభను మోయువారిలో ఏ ఒక్కని భుజము బలహీనమైనను ప్రభ ఒరగును. అందరి భుజములును బలము గలవియే అయినను అడుగులు కలియకున్నచో ప్రభ ముందునకు సాగదు. పదునొకండుగురు కలిసి ఆడు ఫుట్‌బాల్ ఆటయు ఇట్టిదే. అందు ఒక్కొక్కని నేర్పు ఎంత అవసరమో, అందరి కూర్పును అంత అవసరము. ఈ సత్యమును గ్రహించి, యువకులకు నేర్పి, భారతదేశమునకు రెండు పర్యాయములు ఆసియా క్రీడలలో స్వర్ణపతకమును సంపాదించి పెట్టిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాండ్రు ఆయనను రహీం సాహెబు అని గౌరవముతో పిలిచెడివారు.

రహీం 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదు నగరమున జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుచు, అచ్చటి ఫుట్‌బాల్ జట్టులో ఆడెను. చదువు ముగిసిన పిదప ఉపాధ్యాయవృత్తి నవలంబించి, కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలగు చోట్ల పాఠశాలలలో పనిచేసెను. తరువాత వ్యాయామవిద్యలో శిక్షణ పొంది, విద్యార్థుల ఆటపాటలను తీర్చిదిద్దు బాధ్యతను స్వీకరించెను. తరగతిలో పాఠము అందరికిని ఒక్కటే. పలకపై తప్పు మాత్రము ఎవనిది వానిదే. మంచి ఉపాధ్యాయుడు ఈ రెంటిని గమనించును. రహీం ఆటస్థలమునకు పోయినప్పుడును ఈ గుణమును విడువలేదు.

సామాన్యముగా బాలురలో రెండు విధములవారు కానవచ్చెదరు. ఒకడు గంటలకొలది ఒంటరిగా బంతితో ఆడి, గొప్ప నేర్పు సంపాదించును. కాని పోటీలో బంతిని ఎవరికిని అందింపక తానే పరుగెత్తును. వేరొకడు జట్టుతో కలిసి మాత్రమే ఆడును. తనలోని కొరతను దిద్దుకొనుటకు ఒంటరిగా శ్రమింపడు. మొదటివాని నేర్పు జట్టునకు దక్కదు. రెండవవాని కలివిడితనము అక్కరకు రాదు.

ఈ రెండు లోపములకును రహీం చక్కని ఉపాయములు కనిపెట్టెను. కుడికాలి వాటముగల వారు ఎడమకాలితోడనే బంతిని తన్నవలెనని నియమము విధించి పోటీలు నడపెను. ఎడమవైపు వచ్చిన బంతిని కుడికాలికి మార్చుకొనునంతలో ప్రత్యర్థి మీదపడును గదా! రెండు కాళ్లును సమానముగా పనిచేయు ఆటగానికి ఆ ఆలస్యముండదు. ఇట్టి పోటీలో నెగ్గదలచిన బాలుడు ఇంటివద్ద గోడకెదురుగా నిలిచి, వందలసార్లు బలహీనమైన కాలితో బంతిని తన్నుట తప్ప వేరు మార్గము లేదు. ఈ విధముగా ఒంటరి సాధన అలవడుచుండెను.

మరియొక విధమైన పోటీలలో బంతిని పాదముల యొద్ద నుంచుకొని ప్రత్యర్థులను తప్పించుకొనుచు పోవుట నిషేధము. బంతి అందినవెంటనే దానిని తోటివానికి అందింపవలెను. అందించినవాడు ఊరక నిలువరాదు. తిరిగి బంతి నందుకొనుటకు ఖాళీచోటునకు పోవలెను. మనుష్యుడు ఎంత వేగముగా పరుగెత్తినను బంతికంటె వేగముగా పోజాలడు. ఈ సంగతి బాలురకు మాటలతో గాక ఆటతోనే బోధపడెను.

సికిందరాబాదు సమీపమునందలి అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం అను పేద యువకుని ఆటను రహీం ఒకనాడు చూచి ముగ్ధుడయ్యెను. అంతదూరము నుండి ప్రతిదినము హైదరాబాదునకు వచ్చి సాధన చేయుటకు ఆ యువకునికి స్తోమత లేదు. అద్దె సైకిలునకు కావలసిన సొమ్మును రహీం తానే ఇచ్చి, అతనిని రప్పించుకొనెను. అంత నేర్పుగలవాడు ఒంటరిగా మిగిలిపోరాదని ఆయన తలంపు. ఆ బలరామే అనంతరకాలమున భారతదేశపు మేటి ఆటగాండ్రలో ఒకడయ్యెను.

రహీం శిక్షణలో హైదరాబాదు నగర పోలీసు జట్టు దేశమంతట పేరుగాంచెను. 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరములు బొంబాయిలో రోవర్స్ కప్పును గెలుచుకొనెను. 1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగెను. అందు రహీం తీర్చిన భారత జట్టు ఇరానును 1-0 గోలు తేడాతో ఓడించి స్వర్ణపతకమును సాధించెను.

కాని విజయము వెంట పరాభవమును వచ్చెను. 1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 గోళ్లతో ఓడిపోయెను. నాడు మనవారిలో పలువురు బూట్లు లేకయే ఆడిరి. రహీం నిరుత్సాహపడక, ఆ ఓటమినే పాఠముగా గ్రహించెను. ఆటగాండ్రను బూట్లతో ఆడుటకు అలవరచుటయే గాక, రక్షణ వరుసను పటిష్ఠము చేసి, జట్టును నిలుపు పద్ధతినే మార్చెను. నాలుగేండ్లు గడచినవి. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో భారతదేశము ఆస్ట్రేలియాను 4-2 గోళ్లతో జయించెను. ఆ ఆటలో నెవిల్ డిసౌజా మూడు గోళ్లు చేసెను. ఆసియా ఖండమునుండి ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనలు చేరిన మొదటి జట్టు మనదే. తుదకు నాలుగవ స్థానము లభించెను.

రహీం జీవితమునకు గీటురాయి వంటి పరీక్ష 1962లో జకార్తాలో ఎదురయ్యెను. చునీ గోస్వామి, పి. కె. బెనర్జీ, బలరాం ముగ్గురును ఎవరికి వారే సాటిలేని ఆటగాండ్రు. ఎవరి కీర్తికి వారు ఆడినచో ఆ నేర్పు వ్యర్థమయ్యెడిది. రహీం వారిని ఒక్క త్రాటిపై నడపెను. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనలను 2-0 గోళ్లతో ఓడించెను. పిమ్మట రక్షకుడైన జర్నైల్ సింగునకు తలపై గాయమై కుట్లు వేయవలసివచ్చెను. రహీం అతనిని విడిచిపెట్టక ముందువరుసలో ఆడించెను. జర్నైల్ సింగు తన అలవాటైన చోటును వదలి, జట్టునకు కావలసిన చోట నిలిచెను.

సెప్టెంబరు 4వ తేదీన స్వర్ణపతకమునకై మరల దక్షిణ కొరియాయే ఎదురుపడెను. ఆ క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానీయకపోవుటను భారతీయ అధికారి ఒకరు ఆక్షేపించియుండిరి. అందుచేత ప్రేక్షకులు మనవారిపై ఆగ్రహముతో కేకలు వేయుచుండిరి. జ్వరముతో బాధపడి లేచిన పీటర్ తంగరాజ్ గోలు కాచెను. బెనర్జీ ఒక గోలును, జర్నైల్ సింగు ఒక గోలును చేసిరి. భారతదేశము 2-1 గోళ్లతో గెలిచెను.

ఆ జయోత్సాహమును రహీం చిరకాలము అనుభవింపలేదు. ఊపిరితిత్తుల పుట్టకురుపు ఆయనను క్రుంగదీసెను. 1963వ సంవత్సరము జూన్ 11వ తేదీన ఆయన కన్నుమూసెను. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరములు మాత్రమే. ఆయన పిదప ఇంతవరకు భారతదేశమునకు ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో స్వర్ణపతకము లభింపలేదు. 2024లో ఆయన చరిత్ర హిందీ చలనచిత్రముగా వెలువడుటచే, మరచిపోయిన వారికి ఆ మహనీయుడు మరల గుర్తుకు వచ్చెను.

బాలబాలికలారా! అమలాపురమందైనను, రాజోలునందైనను, కొత్తపేటయందైనను, బడి విడిచిన పిమ్మట మీరు ఆటస్థలమునకు పోవుదురు గదా! జట్టు కూడుటకు ముందు కొంతసేపు ఒంటరిగా మీ కొరతను దిద్దుకొనుడు. జట్టు కూడిన పిదప మీ నేర్పును తోటివారికి అర్పింపుడు. మొదటిది లేనిచో ఇచ్చుటకు మీయొద్ద ఏమియు నుండదు. రెండవది లేనిచో ఉన్నదంతయు మీయొద్దనే వృథాగా నుండిపోవును. రహీం సాహెబు జీవితము మనకు నేర్పు పాఠమిదియే.