వీర గున్నమ్మ — మనం చదవని చరిత్ర పాఠం



చరిత్ర అనగానే మనకు గవర్నరు జనరళ్ల పేర్లు, యుద్ధాల తేదీలు గుర్తుకొస్తాయి. 1802లో మద్రాసు రాజధానికి పర్మనెంటు సెటిల్మెంటు వచ్చిందని పరీక్షలో రాసేసి మార్కులు తెచ్చుకుంటాం. అది మన ఉద్దానంలో ఎవరి నెత్తిన ఎలా పడిందో మాత్రం అడగం. ఆ ప్రశ్నకు జవాబుగా మందస దగ్గర ఒక స్మారక స్తూపం నిలబడి ఉంది. అది సాసుమాన గున్నమ్మది. జనం నోట ఆమె వీర గున్నమ్మ.

మందస జమీందారీలోని గుడారి రాజమణిపురం ఆమె ఊరు. సామాన్య రైతు కుటుంబం. మహేంద్రగిరి వైపు కొండలున్న ఆ ప్రాంతంలో రైతుకు అడవి కూడా పొలంతో సమానమే. నాగలికి కర్ర, పొయ్యిలోకి పుల్ల, పశువుకు మేత అక్కడివే. అడవి తనదని జమీందారు, తరతరాలుగా తమకు హక్కు ఉందని రైతులు. జమీందారు వెనుక కుంపిణీ నాటి సెటిల్మెంటు ఉంది, దాని వెనుక తెల్లదొరల పోలీసు ఉన్నాడు.

ఆ కాలంలోనే మద్రాసు మౌంటు రోడ్డులో ఒక విగ్రహం మీద పెద్ద గొడవ నడిచింది. 1857 తిరుగుబాటును ఘోరంగా అణచివేసిన జేమ్స్ నీల్ విగ్రహమది. దాన్ని తీసేయాలని 1927లో సత్యాగ్రహం చేసి ఎందరో జైళ్లకు వెళ్లారు. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక విగ్రహం మ్యూజియంలోకి పోయింది. మంచిదే. అదే ప్రభుత్వం జమీందారీ రైతుల కష్టాల విచారణకు ప్రకాశం పంతులుగారి కమిటీని వేసింది. 1938లో రిపోర్టు వచ్చింది. అది చట్టం కాకముందే 1939 అక్టోబరులో మంత్రివర్గం రాజీనామా చేసింది. విగ్రహం కదిలింది గాని జమీందారీ కదలలేదు.

1940 మార్చి చివరి వారంలో మన పలాసలో అఖిల భారత కిసాన్ మహాసభ జరిగింది. అధ్యక్షుడుగా ఎన్నికైన రాహుల్ సాంకృత్యాయన్ అరెస్టు కావడంతో గదర్ వీరుడు బాబా సోహన్ సింగ్ భక్నా ఆ బాధ్యత వహించారు. ఊళ్లలో కొత్త ధైర్యం వచ్చింది. రైతులు బళ్లు కట్టుకుని మందస అడవికి వెళ్లి కలప తెచ్చుకున్నారు. వాళ్లను పట్టుకుపోవడానికి పోలీసులు ఊరి మీదికొచ్చారు. ఆడవాళ్లు అడ్డం తిరిగారు. వారి ముందు గున్నమ్మ నిలబడింది. అప్పటికి ఆమె గర్భిణి. ఏప్రిల్ 1న పోలీసులు కాల్పులు జరిపారు. గున్నమ్మతోపాటు మరికొందరు రైతులు నేలకొరిగారు.

ఎనిమిదేళ్లు గడిచాక, 1948లో, మద్రాసు శాసనసభ జమీందారీల రద్దు చట్టం చేసింది. అందులో ఆమె నెత్తురుకూ వాటా ఉంది. పేరులోనే రాజు ఉన్న ఆ ఊరు నేడు వీరగున్నమ్మపురం.

విగ్రహాల తగాదా ఈనాడూ ఆగలేదు. 2015లో కేప్‌టౌన్ విద్యార్థులు పట్టుబట్టి తమ విశ్వవిద్యాలయంలోని సెసిల్ రోడ్స్ విగ్రహాన్ని తీయించారు. 2020లో బ్రిస్టల్‌లో బానిసల వ్యాపారి కోల్‌స్టన్ విగ్రహాన్ని జనమే హార్బరు నీటిలో పడేశారు. మన దగ్గర కూడా జమీందార్లు గుళ్లు కట్టించలేదా, బళ్లు పెట్టలేదా అని అడిగేవారున్నారు. ఆ మాటను కొట్టిపారేయనక్కర్లేదు. కోటలు, గుళ్లు, శిలాఫలకాలు ఉండనివ్వండి. అయితే వాటికి డబ్బు ఏ రైతు శిస్తులోంచి వచ్చిందో కూడా పాఠంలో చెప్పాలి.

అధ్యాపకులకు మా మనవి ఒక్కటే. సెటిల్మెంటు పాఠం చెప్పే రోజున పిల్లల్ని మందస తీసుకెళ్లండి. ముందు కోట చూపించండి, తరువాత స్తూపం చూపించండి. ప్రకాశం కమిటీ రిపోర్టులోంచి నాలుగు పేజీలు అక్కడే చదివించండి. వాదన వాళ్లనే చేసుకోనివ్వండి. ఏడాదికోసారి ఏప్రిల్ 1న పూలదండ వేసి వచ్చేస్తే స్తూపం కూడా ఒట్టి రాయే అవుతుంది. ఆమె ఎందుకు అడ్డం నిలబడిందో తెలుసుకున్న ప్రతి విద్యార్థీ ఆమెకు నిజమైన స్మారకం.