మరపు వ్యాధిని పరిశీలించిన మహనీయుడు: ఆలోయిస్ ఆల్జీమరు

బాలబాలికలారా! భోజనము చేసి చేయి కడుగుకొనిన కొంతసేపటికే తాము తినలేదని చెప్పు వృద్ధులను, పుట్టి పెరిగిన వీధిలోనే తమ యిల్లు ఆనవాలు పట్టలేక తిరుగు వృద్ధులను మీలో కొందరు చూచియే యుందురు. కన్నకొడుకును గుర్తెరుగక ఎవరని అడుగు తల్లులును గలరు. అట్టివారిని చూచి మనము చాదస్తమని నవ్వుదుము. లేదా వయస్సు మీరిన పిదప ఇది సహజమేయని ఊరకుందుము. ఇది సహజము కాదనియు, మెదడునకు సంబంధించిన వ్యాధియనియు, ఆ వ్యాధికి కంటికి కనబడు గుర్తులు గలవనియు లోకమునకు స్పష్టముగ చూపిన వైద్యుడు ఆలోయిస్ ఆల్జీమరు. ప్రతి సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీన ప్రపంచమంతటను ఆ వ్యాధి పేరిట ఒక దినము పాటింపబడుచున్నది. ఆల్జీమరు పేరు పలువురు విన్నదే గాని ఆయన చరిత్ర తెలిసినవారు తక్కువ. ఆ చరిత్రమునందు బరంపురమున నివసించు తెలుగువారమైన మనము ప్రత్యేకముగ గ్రహింపదగిన విషయమొకటి గలదు. కావున దానిని సంగ్రహముగ చెప్పుచున్నాను.

ఆల్జీమరు 1864వ సంవత్సరము జూన్ 14వ తేదీన జర్మనీ దేశమున బవేరియా ప్రాంతములోని మార్క్ట్‌బ్రైట్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి దస్తావేజులను ధ్రువపరచు నోటరీ ఉద్యోగి. పిల్లల చదువు కొరకు ఆ కుటుంబము అషాఫెన్‌బర్గు పట్టణమునకు తరలిపోయెను. అక్కడ ఉన్నత పాఠశాల చదువు ముగించి, ఆల్జీమరు బెర్లిన్, ట్యూబింగెన్, వ్యూర్ట్స్‌బర్గు నగరములలో వైద్యశాస్త్రము నభ్యసించెను. 1887లో ఆయన పట్టము కొరకు వ్రాసిన పరిశోధన వ్యాసము చెవిలో గుబిలిని పుట్టించు గ్రంథులను గూర్చినది. విషయము చిన్నదే; కాని సూక్ష్మదర్శినిలో గంటల తరబడి కన్నుంచి, చూచినదానిని చూచినట్లు వ్రాయు అలవాటు ఆయనకు ఆనాడే యేర్పడెను.

1888లో ఆయన ఫ్రాంక్‌ఫర్టు నగరములోని మానసిక చికిత్సాలయమున వైద్యుడుగా చేరెను. ఆ భవనమును కట్టించినవాడు హైన్రిక్ హాఫ్‌మన్ అను వైద్యుడు. ఆయన తన చిన్న కుమారుని కొరకు బొమ్మల పుస్తకమొకటి వ్రాసి, పిల్లల రచయితగా కూడ ప్రసిద్ధి కెక్కినవాడు. ఆ కాలమున మతి చెడినవారిని అనేక దేశములలో గొలుసులతో కట్టివేయుట, గదిలో పెట్టి తాళము వేయుట వాడుకయై యుండెను. ఫ్రాంక్‌ఫర్టులో హాఫ్‌మన్ తరువాత అధిపతియైన ఎమిల్ సియోలి ఆ పద్ధతిని విడిచిపెట్టదలచెను. ఆల్జీమరును, ఆయన మిత్రుడు ఫ్రాంట్స్ నిస్సిలును ఆ కార్యమున సియోలికి కుడి యెడమ భుజములై నిలిచిరి. బంధనములకు మారుగా గోరువెచ్చని స్నానములు, తోటలో నడక, ఓపికతో సంభాషణ అను ఉపచారములు అమలులోనికి వచ్చెను. పగలు రోగులతో మాటలాడుట, రాత్రి సూక్ష్మదర్శినితో కూర్చుండుట ఆల్జీమరు దినచర్యయయ్యెను.

అక్కడనే ఆయన సెసీలియా అను ఆమెను వివాహమాడెను. వారికి ముగ్గురు బిడ్డలు కలిగిరి. కాని 1901వ సంవత్సరము ఆరంభమున ఆమె మరణించెను. పసిబిడ్డల పోషణభారమును ఆయన సోదరి వహించెను. ఆయన తన దుఃఖమును మనసున నడచుకొని రోగుల సేవలోనే కాలము గడపెను.

ఆ సంవత్సరమే నవంబరు 25వ తేదీన ఒక రైల్వే గుమాస్తా తన భార్యను ఆ చికిత్సాలయమునకు తీసికొనివచ్చెను. ఆమె పేరు ఆగుస్టె డేటరు. వయస్సు 51 సంవత్సరములు. అంతవరకు చక్కగా సంసారము నడపిన ఇల్లాలు వంటలో తప్పులు చేయ నారంభించెను. వస్తువులను దాచి, దాచిన చోటు మరచెను. కారణము లేకయే భర్తను అనుమానించెను. ఇంటిలోనే నిలుకడ లేక ఇటు నటు తిరిగెను. మరునాడు ఆల్జీమరు ఆమె ప్రక్కన కూర్చుండి ప్రశ్నించెను. పేరడుగగా చెప్పెను. భర్త పేరడుగగా తిరిగి తన పేరే చెప్పెను. పెన్సిలు, తాళపుచెవి మున్నగు వస్తువులను చూపగా సరిగా పేర్కొనెను గాని, కొంతసేపటికి తనకేమి చూపబడినదో మరచిపోయెను. మధ్యాహ్న భోజనమున కాలీఫ్లవరు కూర తినుచు అది పాలకూరయని చెప్పెను. పేరు వ్రాయుమని కాగితమియ్యగా, శ్రీమతి యను మాట వ్రాసి, తక్కినది తోచక నిలిచిపోయెను. తన్ను తానే పోగొట్టుకొంటిననెడి భావమును ఆమె మాటిమాటికి వెలిబుచ్చెను.

ఆల్జీమరు తాను వేసిన ప్రశ్నలను, ఆమె యిచ్చిన జవాబులను వరుసగా వ్రాసికొనెను. అర్థము లేని మాటలని దేనిని విడువలేదు. ఒకనాటితో ఆపలేదు, పలుమారు కూర్చుండి వ్రాసెను. ఆయన దృష్టిలో ఆమె మాటలు పిచ్చి ప్రేలాపన కాదు. లోపల జరుగుచున్నదానికి గుర్తులు.

1903లో ఆయన ఫ్రాంక్‌ఫర్టును విడిచి, మొదట హైడెల్‌బర్గునకును, పిదప మ్యూనిక్ నగరమునకును పోయెను. అక్కడ ఎమిల్ క్రెపెలిన్ అను ప్రఖ్యాత మానసిక వైద్యుని క్రింద పరిశోధనాలయము నడపెను. దూరమున నున్నను ఆగుస్టె స్థితిని గూర్చి విచారించుచునే యుండెను. 1906వ సంవత్సరము ఏప్రిల్ 8వ తేదీన ఆమె మరణించెను. ఆయన కోరికపై ఆమె మెదడును, చికిత్సా పత్రములను మ్యూనిక్‌నకు పంపిరి. పలుచని పొరలుగా కోసి, వెండి లవణముతో రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూడగా రెండు వింతలు కనబడెను. నాడీకణముల లోపల చిక్కుపడిన దారపు ఉండల వంటి పోగులు. కణముల వెలుపల మచ్చల వలె పేరుకొనిన పదార్థము. ఆ పోగులు టౌ అను మాంసకృత్తుతోను, ఆ మచ్చలు అమిలాయిడ్ అను మాంసకృత్తుతోను ఏర్పడునని ఈనాడు మనకు తెలియును. నేటికిని ఈ వ్యాధిని నిర్ధారించుటకు ఆధారములు ఆ రెండు గుర్తులే.

ఆ సంవత్సరము నవంబరు 3వ తేదీన ట్యూబింగెన్‌లో జరిగిన వైద్యుల సభలో ఆయన ఈ సంగతిని నివేదించెను. సభలో ఒక్కరును ప్రశ్న వేయలేదు, చర్చ జరుగలేదు. ఆయన నిరుత్సాహపడక మరుసటి సంవత్సరము దానిని ప్రచురించెను. 1910లో క్రెపెలిన్ తన వైద్యగ్రంథమున ఈ వ్యాధికి ఆల్జీమరు పేరునే పెట్టెను. 1912లో ఆల్జీమరు బ్రెస్లా విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నియమింపబడెను. కాని ఆరోగ్యము చెడిపోగా, 1915 డిసెంబరు 19వ తేదీన ఆ నగరమునందే మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 51 సంవత్సరములు. ఆగుస్టె చికిత్సాలయమునకు వచ్చిన నాటి వయస్సును అంతయే. ఆయన దేహమును ఫ్రాంక్‌ఫర్టునకు గొనిపోయి, భార్య సమాధి ప్రక్కనే ఖననము చేసిరి.

ఆగుస్టె చికిత్సా పత్రములు చిరకాలము ఎవరికిని కనబడలేదు. 1995లో ఫ్రాంక్‌ఫర్టు విశ్వవిద్యాలయ వైద్యాలయపు పాత దస్త్రములలో అవి దొరకెను. తొంబది సంవత్సరములకు పైబడిన పిదప కూడ ఆ స్త్రీ పలికిన మాటలు ఆ కాగితములపై నిలిచియుండెను. ఇది ఎట్లు సాధ్యమయ్యెను? ఆయన ఓపిక ఒక కారణము. మరియొక కారణమును మనము సాధారణముగ తలపము. ఆమె మాటలాడిన భాషయు, ఆయన విని వ్రాసిన భాషయు ఒకటే. ఆమె జర్మను భాష తెలియని వైద్యుడే ఆ మంచము ప్రక్కన కూర్చుండి యున్నచో, ఆ మాటలన్నియు వట్టి కేకలుగా గాలిలో కలిసిపోయి యుండెడివి.

ఇక మన యూరికి వత్తము. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడి, మన బరంపురము మద్రాసు రాజధాని నుండి విడివడెను. నాటినుండి ఇక్కడి తెలుగువారు ఇంట తెలుగును, బజారునను కచ్చేరిలోను ఒడియాను, పై చదువులకు ఇంగ్లీషును వాడుచు జీవించుచున్నారు. ఇది మనకు గర్వకారణమే. కాని మరపు వ్యాధి సోకినపుడు చాలమందికి తరువాత నేర్చిన భాషలు ముందుగా జారిపోవుననియు, తల్లియొడిలో నేర్చిన భాష ఎక్కువకాలము నిలుచుననియు వైద్యులు గమనించిరి. అందరిలో ఇట్లే జరుగునని చెప్పరాదు గాని తరచుగా జరుగును. నలుబదియేండ్లు ఒడియాలో ఉద్యోగము చేసిన తాతగారొకరు వృద్ధాశ్రమమున నున్నారని ఊహించుకొనుడు. ఆయనకిప్పుడు తెలుగు తప్ప మిగులలేదు. దాహమై మంచినీళ్లు అడుగుచున్నారు. ఉపచారము చేయు అమ్మాయికి తెలుగు రాదు. ఆమె మంచిదే, ఆమె తప్పేమియు లేదు. అయినను ఆయన గొంతు పెంచగా కోపమనియు, లేచి నీటికై వెదకగా తిరుగుడు రోగమనియు ఆమె భావించును. విశాఖపట్టణమున నున్న ఒడియా అవ్వకును ఇదే కష్టము రావచ్చును. కావున ఇది ఒక భాషవారి ఫిర్యాదు కాదు, వృద్ధులందరి కష్టము.

మన దేశమున అరువది యేండ్లు దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా, మొత్తము సుమారు 88 లక్షల మందికి చిత్తవైకల్యము గలదని 2023లో ప్రచురింపబడిన అంచనా తెలుపుచున్నది. ఈ వ్యాధిని పూర్తిగా మాన్పు మందు నేటికిని లేదు. అందుచేత మంచి సంరక్షణయే ముఖ్యమైన చికిత్స. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము, నిరుపేద వృద్ధులు కనీసము 150 మందికి చాలునట్టి ఆశ్రమమును జిల్లాకొకటి చొప్పున మొదలిడి స్థాపింపవచ్చునని ప్రభుత్వములకు దారి చూపినది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగులను గొలుసులతో బంధించుటను నిషేధించినది. సియోలియు, ఆల్జీమరును ఫ్రాంక్‌ఫర్టులో ఆచరించినది ఇక్కడ శాసనమగుటకు శతాబ్దమునకు మించి పట్టెను.

అయినను కప్పును, కూడును ఉన్నంత మాత్రమున అది మతి తప్పినవారికి తగిన ఆశ్రమము కానేరదు. అక్కడ దినచర్య ప్రతిదినము ఒకే తీరున సాగవలెను. భయము లేక నడచుటకు చోటుండవలెను. గదులకు, స్నానపు గదికి బొమ్మల గుర్తులుండవలెను. పాత ఫోటో, పాత శాలువ వంటి తెలిసిన వస్తువులు దగ్గర నుండవలెను. అన్నిటికంటె ముఖ్యముగ, వారి భాషలో పేరుపెట్టి పిలుచువారు ఒక్కరైన నుండవలెను. పెద్దలను అట్టి చోట చేర్చునపుడు తల్లిదండ్రులు గాలి వెలుతురులను విచారించినట్లే, అక్కడ తెలుగు తెలిసినవారెవరని కూడ విచారింపవలెను. అంతకు ముందే, మరపు కనబడిన తొలినాళ్లలోనే వైద్యునికి చూపవలెను. థైరాయిడ్ లోపము, బి-12 విటమిను లోపము వంటి కారణముల వలన కలిగిన మరపు చికిత్సతో తగ్గవచ్చును.

రెండు భాషల భారము పిల్లల మెదడును అలయించునని భయపడి, ఇంట తెలుగు మానిపించు తల్లిదండ్రులు కొందరు గలరు. వారికొక సంగతి చెప్పవలెను. హైదరాబాదులోని నిజాము వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టరు సువర్ణ అల్లాడి మొదలగువారు చిత్తవైకల్యము గల 648 మందిని పరిశీలించి 2013లో ఫలితములను ప్రకటించిరి. ఒక్క భాషయే వచ్చినవారికంటె, రెండు లేక అంతకు మించి భాషలు మాటలాడువారికి వ్యాధి లక్షణములు సుమారు నాలుగున్నర సంవత్సరములు ఆలస్యముగ కనబడినవి. చదువు రానివారిలోను భేదము కనబడెను. ఒక్క పరిశోధనతో విషయము తేలిపోదు గాని, రెండు భాషలు బరువు కావనుటకు ఇది మంచి ఆధారము.

విద్యార్థులారా! మీరందరు వైద్యులు కాకపోవచ్చును. సూక్ష్మదర్శిని మీ యింట లేకపోవచ్చును. కాని ఆల్జీమరు చేసిన పనిలో మొదటి సగము మీరును చేయగలరు. ఈ సెలవులలో ఒక నోటుపుస్తకము తీసికొని మీ తాతగారి ప్రక్కనో, నాయనమ్మగారి ప్రక్కనో కూర్చుండుడు. వారిని చిన్ననాట ఏ పేరుతో పిలిచెడివారో, ఏ యూరినుండి వచ్చిరో, ఏ వంట వారికి ప్రీతియో, ఏ పాట పాడుకొందురో, ఠాకురాణీ జాతరలో చిన్నతనమున ఏమి చూచిరో అడిగి, వారి మాటలను వారు పలికినట్లే తెలుగులో వ్రాసికొనుడు. మొదటి పుటలో వారి పేరు వ్రాయుడు. ఎపుడైన వారికి మరపు వచ్చినచో, ఇంటనున్నను ఆశ్రమమున నున్నను, ఆ పుస్తకము వారి చెంత నుండవలెను. వారు మరచినదానిని వారి భాషలోనే వారికి చదివి వినిపింపగలవారు మీరే. తెలుగు చదువుట వలన ప్రయోజనమేమని ఎవరైన అడిగినచో, ఆ నోటుపుస్తకమును చూపుడు.