రోజుకో సంకీర్తన... డెబ్బై తొమ్మిదేళ్ల దీక్ష

రాజంపేట: కడప నుంచి తిరుపతి వెళ్లే రహదారిలో రాజంపేట సమీపాన 108 అడుగుల అన్నమాచార్యుల విగ్రహం ప్రయాణికులకు కనిపిస్తుంది. ఆయన పాట తెలియని తెలుగు ఇల్లు అరుదు. ఉయ్యాలలో బిడ్డకు జోల మొదలుకొని పెళ్లిపందిట్లో మంగళహారతి వరకు ఆ పదాలు వినిపిస్తూనే ఉంటాయి. అయితే అంతటి సాహిత్యం ఒక మనిషి జీవితకాలంలో ఎలా సాధ్యమైందన్న ప్రశ్నకు సమాధానం ప్రతిభలో మాత్రమే లేదు. ఒక్క రోజైనా తప్పని రచనా నియమంలో ఉంది.

తాళ్లపాక బాలుడు

రాజంపేటకు చేరువలోని తాళ్లపాకలో 1408లో వైశాఖ పూర్ణిమ నాడు నారాయణసూరి, లక్కమాంబ దంపతులకు అన్నమయ్య జన్మించారు. మనుమడు చిన్నన్న ద్విపదలో రచించిన అన్నమాచార్య చరిత్రమే ఆయన జీవితానికి ప్రధాన ఆధారం. అందులోని కథనం ప్రకారం ఉమ్మడి కుటుంబంలో పిల్లవానికి ఇంటి పనులు తప్పలేదు. ఒకనాడు గడ్డి కోస్తుండగా కొడవలి వేలికి తగిలింది. అదే సమయానికి ఆ దారిన పోతున్న తిరుమల యాత్రికుల వెంట ఆయన ఇల్లు విడిచి నడిచారు. అప్పటికి ఆయన వయసు ఎనిమిదేళ్లు. కొండపై ఘనవిష్ణువు అనే గురువు ఆయనకు వైష్ణవ దీక్ష ఇచ్చారు. తరువాతి కాలంలో అహోబిలంలో ఆదివన్ శఠగోప యతి వద్ద శాస్త్రాధ్యయనం చేశారు. ఆయన భార్య తిమ్మక్క సుభద్రా కల్యాణం రచించి తొలి తెలుగు కవయిత్రిగా పేరు పొందారు.

లెక్కకు అందిన నియమం

అన్నమయ్య పదహారో ఏట, 1424లో, సంకీర్తన రచనకు పూనుకున్నారు. 1503లో దుందుభి నామ సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశి నాడు తనువు చాలించే వరకు దానిని కొనసాగించారు. ఈ రెండు కాలాలూ తాళ్లపాక వారి రాగిరేకులపై నమోదై ఉన్నాయి. రోజుకు ఒకటికి తక్కువ కాకుండా పాడాలన్నది ఆయన వ్రతం. సంప్రదాయం చెప్పే మొత్తం 32 వేల సంకీర్తనలు.

ఈ సంఖ్య అతిశయోక్తిగా తోచవచ్చు. కానీ 79 ఏళ్లను రోజులుగా మారిస్తే 28,835 అవుతుంది. రోజుకొకటి చొప్పున వేసుకున్నా అన్ని సంకీర్తనలు తేలుతాయి. మిగిలిన మూడు వేల పైచిలుకుకు తొమ్మిది రోజులకు ఒకసారి ఒక పాట అదనంగా పుడితే సరిపోతుంది. మానవమాత్రునికి అసాధ్యమనిపించే రాశి వెనుక ఉన్నది ఇంత చిన్న దినసరి కొలతే.

ఆ కొలత నిలవడానికి ఆయన ఎంచుకున్న రూపమూ తోడ్పడింది. ఒక పల్లవి, సాధారణంగా మూడు చరణాలు, చివర వేంకటేశ్వర నామ ముద్ర. ఒక పూటలో పూర్తి చేయగల నిడివి అది. ఇక విషయానికి వెతుకులాట అక్కరలేదు. సుప్రభాతం నుంచి ఏకాంతసేవ వరకు తిరుమల ఆలయంలో జరిగే ప్రతి సేవా ఒక సందర్భమే. సువ్వి, గొబ్బి, ఏల, లాలి, జోల వంటి పల్లె పాటల బాణీలను, నలుగురూ మాట్లాడుకునే పలుకుబడిని ఆయన పదాల్లోకి తెచ్చారు. పండితులు గ్రంథాలకే పరిమితం చేసిన వేదాంతాన్ని రైతు, కూలీ ఎరిగిన మాటల్లో పలికించారు.

అన్ని సంకీర్తనలూ ఒకే ఎత్తున ఉండవు. ఒకే భావం, ఒకే పోలిక వేర్వేరు పదాల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. రోజూ రాసేవారికి అది తప్పనిది. నిన్న కుదరని మాటను నేడు మరోలా పలికి చూడటం వల్లనే జనం నాలుకపై నిలిచిన గొప్ప పదాలు వెలువడ్డాయి.

రాజాజ్ఞకు లొంగని కలం

తరువాత విజయనగర సింహాసనం అధిష్టించిన సాళువ నరసింహరాయలు మొదట ఆయనను ఎంతో ఆదరించారు. దైవంపై శృంగార సంకీర్తనలు విని ఆనందించిన రాజు తనపై కూడా అటువంటి పదం చెప్పమని కోరారు. హరిని కీర్తించిన నోటితో నరుని పొగడలేనని అన్నమయ్య నిరాకరించారు. ఆగ్రహించిన రాజు ఆయనకు సంకెళ్లు వేయించారని, ఆయన పాట పాడగా అవి విడిపోయాయని చిన్నన్న కావ్యం చెబుతుంది. సంకెళ్లు విడిపోయిన తీరు భక్తుల విశ్వాసం. పాట ఎవరి కోసమన్న విషయంలో ఆయన రాజీపడలేదన్నది ఆ జీవితానికి మూలసూత్రం.

కొడుకు నిలిపిన సంపద

పాడిన పాట గాలిలో కలిసిపోతుంది. తాటాకు చెదలపాలవుతుంది. ఈ ప్రమాదాన్ని గుర్తించిన కుమారుడు పెదతిరుమలాచార్యులు తండ్రి సంకీర్తనలను అధ్యాత్మ, శృంగార విభాగాలుగా చేసి రాగిరేకులపై చెక్కించారు. వాటిని తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో భద్రపరిచారు. తండ్రి ఆదేశం మేరకు తానూ నిత్య సంకీర్తన వ్రతాన్ని కొనసాగించారు. మనుమడు చినతిరుమలాచార్యులూ అదే బాటలో నడిచారు.

కాలక్రమంలో ఆ రేకులు మరుగునపడ్డాయి. 1920ల్లో తిరిగి వెలుగుచూశాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు వాటిని చదివి, పరిష్కరించి, తిరుమల తిరుపతి దేవస్థానం ద్వారా అచ్చులోకి తెచ్చారు. దొరికినవి పన్నెండు వేలకు పైగా ఉన్నా, చెప్పుకునే మొత్తంలో అవి సగానికి తక్కువే. రేకులపై రాగాల పేర్లు ఉన్నాయి గానీ స్వరాలు లేవు. అందుకే రాళ్లపల్లి, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, నేదునూరి కృష్ణమూర్తి వంటి విద్వాంసులు అనేక పదాలకు కొత్తగా బాణీలు కట్టవలసి వచ్చింది.

2008లో ఆయన ఆరువందల జయంతి జరిగింది. 2022లో రాయచోటి కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు అన్నమయ్య పేరు పెట్టారు. ఏటా వైశాఖ పూర్ణిమకు జయంతి, ఫాల్గుణ బహుళ ద్వాదశికి వర్ధంతి వేడుకలు నిర్వహిస్తున్నారు. ఆ రెండు తిథుల నడుమ గడిచిన ఆయన జీవితంలో పదహారో ఏటి నుంచి ఏ రోజూ పాట లేకుండా పొద్దుగూకలేదు. కలం పట్టాలనుకుని మంచి ముహూర్తం కోసం ఎదురుచూసేవారికి తాళ్లపాక చూపుతున్న దారి అదే.