రేడియో రసాయనజ్ఞుడు ఒట్టో హాన్

ఒట్టో హాన్ పేరు వినగానే యురేనియం కేంద్రక విచ్ఛిత్తి, దాని వెన్నంటి వచ్చిన ఆటంబాంబు స్ఫురించడం సహజం. అయితే ఆ ఆవిష్కరణకు మూలం, నీటిలో కరిగివున్న రేడియోధార్మిక పదార్థపు లేశం ఏ స్ఫటికాన్ని పట్టుకొంటుంది, దేనిని విడిచిపెడుతుంది అన్న విచారణయే. ఆ సంగతినే మేము ఇక్కడ ముఖ్యంగా చెప్పదలచాము.

హాన్ 1879 మార్చి 8న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో జన్మించారు. 1901లో మార్బుర్గ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు. పరిశ్రమలో ఉద్యోగానికి ఆంగ్లభాష అవసరమని 1904లో లండన్ వెళ్ళి సర్ విలియం రామ్సే వద్ద చేరారు. రామ్సే ఇచ్చిన బేరియం లవణంనుండి రేడియం తీయబోయి, 1905లో రేడియోథోరియం అనే కొత్త పదార్థాన్ని కనుగొన్నారు. పరిశ్రమ ఆలోచన అంతటితో ముగిసింది. మాంట్రియల్‌లో రూథర్‌ఫర్డ్ వద్ద కొంతకాలం గడిపి 1906లో బెర్లిన్ చేరారు. మరుసటి సంవత్సరం పరిచయమైన భౌతికశాస్త్రవేత్త లీజ్ మైట్నర్‌తో ముప్పై ఏళ్ళ సాహచర్యం ఒక పాత వడ్రంగి గదిలో ఆరంభమైనది. మొదటి ప్రపంచయుద్ధంలో ఆయన విషవాయు ప్రయోగంలో పాల్గొన్న సంగతినీ దాచనక్కరలేదు.

రేడియోధార్మిక మూలకాలు తరచు తూకానికి అందనంత స్వల్పంగా లభిస్తాయి. కాబట్టి అవి తమంతట తాము అవక్షేపించవు. గాజుపాత్ర గోడకో, వడపోత కాగితానికో, ధూళికణానికో అంటుకొని పోతాయి. వేరొక లవణాన్ని వాహకంగా కలిపి అవక్షేపింపజేస్తే దానితోపాటు దిగుతాయి. ఎందుకు దిగుతాయి? ఫాయన్స్, పానెత్ ఆరంభించిన ఈ విచారణను హాన్ విస్తరించి రెండు మార్గాలను స్పష్టపరచారు. స్ఫటిక నిర్మాణంలోనే చోటు దొరికితే మూలకం లోపలికి పోయి స్థిరపడుతుంది. బేరియం సల్ఫేటులో రేడియం ఇట్లే చేరుతుంది, ఎంత కడిగినా పోదు. రెండవది ఉపరితలంపై అధిశోషణం. దీనికి ఉపరితలపు ఆవేశం అయాను ఆవేశానికి విరుద్ధంగా ఉండాలి. ఆ రెంటి కలయికవల్ల ఏర్పడే సమ్మేళనం నీటిలో సులభంగా కరగనిదై ఉండాలి. బ్రోమైడు అధికంగా ఉన్న ద్రావణంలో ఏర్పడిన సిల్వర్ బ్రోమైడు ఋణావేశం పొంది, రేడియోధార్మిక సీసపు అయాన్లను పట్టుకొంటుంది. వెండి అయాన్లు అధికమైతే అదే పదార్థం వాటిని పట్టుకోదు. గుణాత్మక విశ్లేషణలో అవక్షేపాన్ని పదేపదే కడగమని అధ్యాపకులు ఎందుకు పట్టుబడతారో మన విద్యార్థులకు ఇక్కడ బోధపడగలదు.

1933లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఇచ్చిన ఉపన్యాసాలే 1936లో గ్రంథమైనవి.

1938 జూలైలో యూదు వంశీయురాలైన మైట్నర్ నాజీ జర్మనీనుండి తప్పించుకొని వెళ్ళవలసివచ్చింది. దారిలో అక్కరకు వస్తుందని హాన్ తన తల్లి వజ్రపుటుంగరాన్ని ఆమెకిచ్చారు. ఆ సంవత్సరాంతాన హాన్, స్ట్రాస్‌మాన్ కలసి న్యూట్రాన్లు తాకించిన యురేనియంలో రేడియం పుట్టిందని తలచారు. అది బేరియం వాహకంతో దిగుతున్నది గదా! క్రమంగా స్ఫటికీకరణ చేస్తే రేడియం తొలి స్ఫటికాలలో ఎక్కువగా చేరవలెను. చేరలేదు. నిజమైన రేడియంతో అదే పద్ధతిని పరీక్షించగా, పద్ధతిలో దోషం లేదు. ఇక మిగిలిన సమాధానం ఒక్కటే: అది రేడియం కాదు, బేరియమే. అనగా యురేనియం రెండుగా చీలిపోయినది. నాటి భౌతికశాస్త్రం ఊహించని ఈ ఫలితం 1939 జనవరి 6న ప్రచురితమైనది. స్వీడన్‌లో ఉన్న మైట్నర్, ఆమె సోదరి కుమారుడు ఫ్రిష్ దానికి అర్థం చెప్పారు. 1944 సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి హాన్ ఒక్కరికే దక్కింది. మైట్నర్‌ను విస్మరించడం అన్యాయమని మా అభిప్రాయం.

1945 ఆగస్టులో ఇంగ్లండులో నిర్బంధంలో ఉండగా హిరోషిమా వార్త విని, తానే బాధ్యుడనని హాన్ క్రుంగిపోయారు. 1957లో పదిహేడుగురు సహశాస్త్రజ్ఞులతో కలసి పశ్చిమ జర్మనీ సైన్యానికి అణ్వాయుధాలు వద్దని బహిరంగంగా ప్రకటించారు. 1968 జూలై 28న గోటింగెన్‌లో మరణించారు.

1986లో చెర్నోబిల్ ప్రమాదంలో వెలువడిన సీజియం చాలావరకు మైకా జాతి బంకమట్టి రేకుల అంచులలో చిక్కుకొని నేల పైపొరలోనే నిలిచిపోయినది. యురేనియం గనుల నీటిలోని రేడియాన్ని బేరియం క్లోరైడు కలిపి సల్ఫేటుగా దించివేసే పద్ధతి జార్ఖండ్‌లోని జాదూగూడలోనూ వాడుకలోనికి వచ్చింది.