కోడి రామ్మూర్తి నాయుడు

కోడి రామ్మూర్తి నాయుడు (1882 - జనవరి 16, 1942) తెలుగునాట జన్మించి దేశవిదేశాలలో ఖ్యాతి గడించిన బలశాలి, మల్లయోధుడు, వ్యాయామోపాధ్యాయుడు, సర్కస్ నిర్వాహకుడు. కలియుగ భీముడు, ఇండియన్ హెర్క్యులస్ అనే బిరుదులతో ప్రసిద్ధుడు. ఇతని సమకాలికుడు, ఐరోపాలో అగ్రశ్రేణి బలశాలిగా పేరొందిన యూజీన్ శాండోతో ఇతడు తలపడి ఉంటే విజయం ఎవరిని వరించేదన్నది తెలుగువారిలో చిరకాలంగా ఆసక్తి రేపుతున్న చర్చ.

బాల్యము

రామ్మూర్తి నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని వీరఘట్టంలో జన్మించాడు. ఈ ఊరు చాలాకాలం శ్రీకాకుళం జిల్లాలో ఉండి, 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. తండ్రి కోడి వెంకన్న నాయుడు. పసితనంలోనే తల్లిని కోల్పోయిన రామ్మూర్తి చదువుమీద కంటే ఆటపాటలమీద, సాహసకృత్యాలమీద ఎక్కువ మక్కువ చూపేవాడు. అందువలన తండ్రి అతనిని విజయనగరంలో పోలీసు శాఖలో పనిచేస్తున్న తన తమ్ముడు నారాయణస్వామి నాయుడు వద్దకు పంపాడు.

వ్యాయామ విద్య

విజయనగరం ఆనాడు సంగీత సాహిత్యాలతోపాటు సాముగరిడీలకు, కుస్తీలకు కూడా పేరుపొందిన సంస్థాన కేంద్రము. అక్కడి వ్యాయామశాలలో రామ్మూర్తి దండీలు, బస్కీలు, కుస్తీపట్లు నేర్చాడు. తరువాత మద్రాసు సమీపంలోని సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరానికి తిరిగివచ్చి వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేశాడు. దేశీయమైన కుస్తీ సాధనకు యోగశాస్త్రంలోని ప్రాణాయామాన్ని జోడించడం ఇతని ప్రత్యేకత. శ్వాసను బంధించి కండరాలను బిగించడంపైనే ఇతని ముఖ్య ప్రదర్శనలన్నీ ఆధారపడి ఉండేవి. జీవితాంతం శాకాహారిగానే ఉన్నాడు. మాంసాహారం లేనిదే దేహబలం కలుగదన్న వాదానికి ఇతని జీవితాన్ని సమాధానంగా చూపేవారు.

శాండోకు సవాలు

యూజీన్ శాండో 1867లో నాటి ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్‌లో జన్మించాడు. 1889లో లండన్‌లో శాంసన్ అనే బలశాలిని ఓడించి ఒక్కసారిగా ప్రసిద్ధికెక్కాడు. 1901లో లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాలులో దేహసౌష్ఠవ పోటీని నిర్వహించాడు. 1904-1905లలో చేసిన ప్రపంచ యాత్రలో భాగంగా భారతదేశానికి వచ్చి ప్రదర్శనలు ఇచ్చాడు. అతని ప్రభావంతో డంబెల్ వ్యాయామం మనదేశంలోని పట్టణాలలో విస్తృతంగా వ్యాపించింది.

రామ్మూర్తి జీవితకథలలో ప్రముఖంగా కనిపించే ఘట్టం ఈ యాత్రకు సంబంధించినదే. శాండో మద్రాసుకు వచ్చినప్పుడు రామ్మూర్తి అతని ప్రదర్శనను చూసి, అతడు ఎత్తే బరువులను రహస్యంగా తానూ ఎత్తి చూసుకుని, బలపరీక్షకు రమ్మని బహిరంగంగా సవాలు చేశాడని, శాండో అందుకు అంగీకరించలేదని చెబుతారు. ఆ పోటీ జరగలేదు. అప్పటికి శాండో వయస్సు 37 దాటింది. రామ్మూర్తి ఇరవై రెండు మూడేళ్ళ యువకుడు.

పోటీ జరిగి ఉంటే

ఈ ఊహాత్మక పోటీ ఫలితము అది ఏ పద్ధతిలో జరిగేదన్న దానిపై ఆధారపడుతుంది. బరువులెత్తే పోటీ అయితే డంబెళ్ళతో, గుండ్లతో సాధన చేసిన శాండోకు అనుకూలత ఎక్కువ. ఒంటిచేత్తో బరువును తలపైకి ఎత్తడంలో అతడు తన కాలంలో అగ్రగణ్యుడు. మట్టి గోదాలో కుస్తీ అయితే పట్లు తెలిసిన రామ్మూర్తిదే పైచేయి అయ్యే అవకాశముంది. శాండో ముఖ్యంగా ప్రదర్శనకారుడు; కుస్తీ అతని ప్రధాన వృత్తి కాదు. వయస్సు కూడా రామ్మూర్తికే కలిసివచ్చేది. ఇక మూడవది బరువును మోసే పరీక్ష. శాండో తన దేహంపై పలక వేయించుకుని గుర్రాలను నడిపించుకునేవాడు. రామ్మూర్తి అదే తరహాలో ఏనుగును ఎక్కించుకునేవాడు. ఇద్దరినీ సూటిగా పోల్చడానికి వీలయ్యే విద్యలలో ఇది ఒకటి.

అయితే ఈ చర్చ ఇంతకాలం నిలవడానికి కారణం కేవలం కండబలం కాదు. భారతీయులు శారీరకంగా బలహీనులనీ, అందుకే పరపాలనలో ఉన్నారనీ పాలకులు ప్రచారం చేసిన కాలమది. 1905లో బంగాల్ విభజనతో స్వదేశీ ఉద్యమం ఆరంభమై, 1907లో బిపిన్ చంద్ర పాల్ పర్యటనతో ఆంధ్రప్రాంతంలోనూ ఊపందుకుంది. అటువంటి సమయంలో ఒక తెలుగు యువకుడు ఐరోపా వీరుని సవాలు చేశాడన్న మాటే ప్రజలకు ధైర్యాన్నిచ్చింది. 1910లో లండన్‌లో గామా పహిల్వాన్, పోలెండు మల్లుడు జిబిస్కోల మధ్య జరిగిన కుస్తీ డ్రాగా ముగిసింది. మలిపోటీకి జిబిస్కో రాలేదు. చివరకు 1928లో పటియాలాలో గామా అతనిని ఒక నిమిషంలోపే ఓడించడంతో ఆ సందేహం తీరిపోయింది. రామ్మూర్తి, శాండోల విషయంలో అటువంటి ముగింపు రాలేదు. శాండో 1925లో మరణించాడు.

సర్కస్ జీవితము

రామ్మూర్తి విజయనగరంలో మిత్రుల సహాయంతో సర్కస్ సంస్థను స్థాపించి, దానితో దేశమంతటా పర్యటించాడు. ఇతని ప్రదర్శనలలో ముఖ్యమైనవి:

- ఛాతీ చుట్టూ బిగించిన ఇనుప గొలుసును ఊపిరి పూరించి తెంచడం
- భుజాలకు కట్టిన గొలుసులతో రెండు కార్లను కదలకుండా ఆపడం
- ఛాతీపై వేసిన పలక మీదికి ఏనుగును ఎక్కించుకుని భరించడం

ప్రదర్శనల వెనుక ఉన్న సూత్రాలు

ఈ ప్రదర్శనలను ఇంద్రజాలమని కొందరు, దైవశక్తి అని కొందరు భావించేవారు. నిజానికి వీటికి శాస్త్రీయమైన వివరణ ఉన్నది. వెడల్పైన పలక బరువును ఎక్కువ వైశాల్యంపై పరుస్తుంది గనుక ఒక్కచోట పడే ఒత్తిడి తగ్గుతుంది. గాలితో నిండి బిగిసిన ఛాతీ ఆ ఒత్తిడికి ఎదురు నిలుస్తుంది. ఆనాటి కార్ల శక్తి కూడా తక్కువే. 1908లో వచ్చిన ఫోర్డు మోడల్ టి కారు శక్తి 20 అశ్వశక్తులు మాత్రమే. గొలుసు ముందే బిగిసి ఉంటే కారు వేగం పుంజుకునే అవకాశం ఉండదు. ఇంత చెప్పినా, శ్వాసలో క్షణకాలం పొరపాటు జరిగితే పక్కటెముకలు విరిగి ప్రాణం పోయే విద్యలివి. సూత్రం తెలిసినంత మాత్రాన సాధ్యమయ్యేవి కావు.

బిరుదులు, విదేశీ పర్యటనలు

పుణేలో బాలగంగాధర తిలక్ ఇతని ప్రదర్శనను మెచ్చి మల్లమార్తాండ బిరుదునిచ్చాడని, లండన్‌లో ఐదవ జార్జి చక్రవర్తి ఇండియన్ హెర్క్యులస్ అని ప్రశంసించాడని ప్రసిద్ధి. మదన్ మోహన్ మాలవీయ ప్రోత్సాహం కూడా ఇతనికి లభించింది. స్పెయిన్‌లో కోడెతో పోరాడి దానిని లొంగదీశాడన్న కథ కూడా ప్రచారంలో ఉంది. శాండో 1911లో ఇదే ఐదవ జార్జికి వ్యాయామాచార్యునిగా నియమితుడయ్యాడు. గోదాలో ఎదురుపడని ఇద్దరూ ఈవిధంగా ఒకే చక్రవర్తి గౌరవాన్ని అందుకున్నవారుగా చరిత్రలో నిలిచారు.

చివరి రోజులు

రామ్మూర్తి విశేషంగా ధనం ఆర్జించినా దానిని కూడబెట్టలేదు. జాతీయోద్యమానికి, దానధర్మాలకు ఉదారంగా వెచ్చించాడు. తరువాతి కాలంలో కాలిపై లేచిన పుండు ముదిరి, శస్త్రచికిత్స చేసి కాలు తొలగించవలసి వచ్చింది. ఏనుగును మోసిన శరీరానికి ఒక పుండు వలన ఈ స్థితి రావడం ఇతని జీవితంలోని విషాదము. చివరి రోజులను నేటి ఒడిషాలోని బలాంగీర్‌లో, పాట్నా సంస్థానాధీశుని ఆదరణలో గడిపి, 1942 జనవరి 16న అక్కడే మరణించాడు.

స్మారక చిహ్నాలు

శ్రీకాకుళంలోని క్రీడా ప్రాంగణానికి కోడి రామ్మూర్తి స్టేడియం అని పేరుపెట్టారు. విశాఖపట్నం సముద్రతీరంలో ఇతని విగ్రహం ఉన్నది. ఉత్తరాంధ్ర పల్లెలలో బలశాలి అయిన పిల్లవానిని కోడి రామ్మూర్తితో పోల్చడం తరతరాలుగా వస్తున్న వాడుక.