వాల్ట్ డిస్నీ: రేపటి ఊరు కట్టాలనుకున్నారు.. చూడకుండానే వెళ్లిపోయారు! ఎప్‌కాట్ పాత రైడ్ల కోసం ఇప్పటికీ ఎందుకంత బెంగ?

మండపేట, రామచంద్రపురం, రాజమండ్రి.. గోదావరి జిల్లాల నుంచి అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లొచ్చే తల్లిదండ్రులు తక్కువేం కాదు. ఫ్లోరిడా కూడా తిరిగొస్తే వాళ్ల ఫోన్లో ఒక ఫొటో దాదాపు ఖాయం. వెనకాల పెద్ద వెండి బంతి, ముందు చీరలో అమ్మ, పక్కన టోపీ పెట్టుకున్న నాన్న. ఆ బంతి ఎప్‌కాట్ పార్కుది. 1982లో తెరిచిన ఈ పార్కులో మొదటి రోజుల నాటి రైడ్లు చాలావరకు ఇప్పుడు లేవు. కానీ వాటిని చిన్నప్పుడు చూసినవాళ్లు ఇప్పటికీ తలచుకుంటూనే ఉన్నారు. పాత వీడియోలు వెతికి మరీ చూస్తున్నారు.

రేపటి లోకాన్ని చూపించడానికి కట్టిన పార్కు మీద నిన్నటి బెంగ ఏంటి? అది తెలియాలంటే వాల్ట్ డిస్నీ జీవితం తెలియాలి. అసలు ఆయన కట్టాలనుకున్నది పార్కు కాదు.. ఓ ఊరు!

45 ఎకరాల పొలం.. నాలుగేళ్ల బాల్యం

వాల్ట్ డిస్నీ 1901 డిసెంబర్ 5న షికాగోలో పుట్టారు. తండ్రి ఎలియాస్ వడ్రంగి పని తెలిసినవారు. 1893లో షికాగోలో జరిగిన భారీ ప్రపంచ ప్రదర్శన నిర్మాణంలో ఆయన కూలికి పనిచేశారు. దేశదేశాల మండపాలు, కరెంటు దీపాల వింతలు, ప్రపంచంలోనే మొదటి జెయింట్ వీల్.. అన్నీ అక్కడే. దాదాపు 90 ఏళ్ల తర్వాత ఆయన కొడుకు పేరు మీద అలాంటి ప్రదర్శనే శాశ్వతంగా వెలుస్తుందని అప్పుడెవరూ అనుకుని ఉండరు.

1906లో ఆ కుటుంబం మిస్సోరీ రాష్ట్రంలోని మార్సెలిన్ అనే చిన్న ఊరికి మారింది. దాదాపు 45 ఎకరాల పొలం, యాపిల్ చెట్లు, పశువుల కొట్టం, ఊరి పక్కనే రైల్వే లైను. నాలుగేళ్లు గడిచాయి. తండ్రికి జబ్బు చేసింది, సేద్యం కలిసిరాలేదు. పొలం అమ్మేసి కాన్సాస్ సిటీకి వెళ్లిపోయారు. అక్కడ పిల్లాడు వాల్ట్ తెల్లవారుజామున మూడున్నరకే లేచి, మంచులో ఇంటింటికీ పేపర్లు వేశాడు. ఒకట్రెండు నెలలు కాదు, ఆరేళ్లు!

మార్సెలిన్‌లో ఉన్నది నాలుగేళ్లే అయినా ఆ ఊరు డిస్నీని జీవితాంతం వదల్లేదు. కోట్లు సంపాదించాక లాస్ ఏంజెలెస్‌లోని తన పెరట్లో చిన్న బొమ్మ రైలు వేయించుకున్నారు. దాని పక్కన ఆనాటి పశువుల కొట్టాన్ని గుర్తున్నది గుర్తున్నట్టు మళ్లీ కట్టించుకున్నారు. రేపటి గురించి అంతగా ఆలోచించిన మనిషికి కూడా పోయిన ఇంటి మీద బెంగ తీరలేదన్నమాట.

దివాలా నుంచి మిక్కీ వరకు

కాన్సాస్ సిటీలో పెట్టిన మొదటి కార్టూన్ కంపెనీ 1923లో దివాలా తీసింది. జేబులో 40 డాలర్లతో హాలీవుడ్ రైలెక్కారు. అన్న రాయ్ తోడయ్యారు. అదే ఏడాది అక్టోబర్‌లో అన్నదమ్ములు స్టూడియో పెట్టారు. లెక్కలు రాయ్‌వి, కలలు వాల్ట్‌వి. 1928లో ఆస్వాల్డ్ అనే కుందేలు బొమ్మ బాగా ఆడింది. తీరా చూస్తే దాని హక్కులు పంపిణీదారుడి చేతిలో ఉన్నాయి. కుందేలు పోయింది. ఆ లోటు తీర్చడానికి పుట్టిందే మిక్కీ మౌస్. 1928 నవంబర్ 18న విడుదలైన స్టీమ్‌బోట్ విల్లీతో ఆ ఎలుక ప్రపంచమంతా తిరిగింది.

1937లో స్నో వైట్ వచ్చింది. గంటకు పైగా కార్టూన్ ఎవరు చూస్తారని పరిశ్రమ నవ్వింది. సినిమా వచ్చాక ఆ నవ్వు ఆగిపోయింది. అయితే ఈ కథలో మరకలూ ఉన్నాయి. 1941లో జీతాలు, యూనియన్ గొడవలతో డిస్నీ ఉద్యోగులే సమ్మెకు దిగారు. ఆ సమ్మెను ఆయన సొంత మనుషుల ద్రోహంగా తీసుకున్నారు. ఆ తర్వాత స్టూడియోలో పాత చనువు రాలేదు.

రంగులరాట్నం పక్కన బెంచీ

కూతుళ్లిద్దరినీ లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కుకి తీసుకెళ్లి, వాళ్లు రంగులరాట్నం తిరుగుతుంటే తాను బెంచీ మీద కూర్చునేవారు. మన తీర్థాల్లో, సంక్రాంతి ఎగ్జిబిషన్లలో పిల్లల్ని రాట్నం ఎక్కించి, చెప్పులు కాపలా కాసే నాన్నల పరిస్థితే! పెద్దలూ పిల్లలూ కలిసి ఎక్కేది ఒకటుంటే బాగుండునని అక్కడే అనిపించిందట.

అలా పుట్టింది డిస్నీల్యాండ్. కాలిఫోర్నియాలోని అనాహైమ్‌లో 160 ఎకరాల నారింజ తోటలు కొన్నారు. డబ్బు సరిపోలేదు. అప్పుడు ఆదుకున్నది టీవీ! ఏబీసీ ఛానల్ పెట్టుబడి పెట్టింది, బదులుగా డిస్నీ వారం వారం షో చేశారు. 1955 జులై 17న పార్కు మొదలైంది. దొంగ టికెట్లతో జనం వెల్లువలా వచ్చారు, కొత్తగా వేసిన తారు ఎండకు మెత్తబడి మడమలు దిగబడ్డాయి. అయినా పార్కు నిలబడింది.

గేటు దాటగానే వచ్చే వీధిలో మార్సెలిన్ ఛాయలు కనిపిస్తాయి. కొంచెం ముందుకెళ్తే టుమారోల్యాండ్. 1986లో లోకం ఎలా ఉంటుందో 1955లోనే చూపించే ప్రయత్నం అది. ఒకే టికెట్ మీద నిన్న, రేపు రెండూ పెట్టారు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, నిన్న పాతబడదు, రేపు మాత్రం తొందరగా పాతబడుతుంది. 1957లో టుమారోల్యాండ్‌లో ప్లాస్టిక్‌తో భవిష్యత్ ఇల్లు కట్టారు. లోపల మైక్రోవేవ్ పొయ్యి కూడా ఉంది. పదేళ్లకే కూల్చేశారు. కూల్చడానికి తెచ్చిన ఇనుప గుండు ఆ ఇంటికి తగిలి వెనక్కి ఎగిరిందని, చివరికి ముక్కలుగా కోయాల్సి వచ్చిందని చెబుతారు. పార్కు ఎప్పటికీ పూర్తి కాకూడదు, మారుతూనే ఉండాలి అన్నది డిస్నీ అభిప్రాయం. పాత రైడ్ల కోసం బాధపడేవాళ్లు మర్చిపోకూడని విషయం ఇది.

27 వేల ఎకరాలు.. గుట్టుగా!

1964-65 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనకు డిస్నీ బృందం నాలుగు ఆకర్షణలు తయారు చేసింది. అందులో ఒకటి కరోజల్ ఆఫ్ ప్రోగ్రెస్. మధ్యలో స్టేజీ కదలదు, చుట్టూ ప్రేక్షకుల కుర్చీలే తిరుగుతాయి. కరెంటు రాక ముందు నుంచి ఒకే కుటుంబం బతుకు ఎలా మారుతూ వచ్చిందో కదిలే బొమ్మలు చెబుతాయి. ఇది డిస్నీకి ప్రాణం. తర్వాత డిస్నీల్యాండ్‌కి, 1975లో ఫ్లోరిడాకి తరలించి మరీ దాన్ని కాపాడుకున్నారు.

ఆ ప్రదర్శన నడుస్తున్న రోజుల్లోనే ఫ్లోరిడాలో ఓ గుట్టు వ్యవహారం సాగింది. ఊరూ పేరూ లేని చిన్న చిన్న కంపెనీల పేర్లతో ఎవరో చిత్తడి నేలలు కొంటున్నారు. మొత్తం 27 వేల ఎకరాలకు పైనే. ఖర్చు దాదాపు 50 లక్షల డాలర్లు. కొనేది డిస్నీ అని 1965 అక్టోబర్‌లో పేపర్లో రాగానే మిగిలిన భూముల ధరలు ఆకాశానికి ఎగిరాయి. కొత్త రోడ్డు వస్తుందంటే ఎకరం రేటు ఏమవుతుందో మన గోదావరి జిల్లాల వాళ్లకి వేరే చెప్పాలా?

అంత భూమి ఎందుకంటే.. ఊరు కోసం! ఎప్‌కాట్ అంటే రేపటి సమాజానికి ఓ ప్రయోగ నమూనా. 20 వేల మంది నివాసం, నడిబొడ్డున ఎండా వానా తగలకుండా కప్పు వేసిన కేంద్రం, కార్లూ లారీలూ భూమి కింద, మనుషులు పైన. ఆగకుండా తిరిగే చిన్న బండ్లు, దూరాలకు మోనోరైలు. కానీ అక్కడ ఎవరికీ సొంత ఇల్లు, సొంత స్థలం ఉండవు. అందరూ అద్దెకే. ఉద్యోగం ఉంటేనే ఉండాలి, రిటైరైన వాళ్లకి చోటు లేదు. ఈ మాట వింటే ఇప్పటి పెద్దవాళ్లకి గుచ్చుకుంటుంది. ముసలితనం లేని రేపు ఎవరి కోసం?

ఆసుపత్రి సీలింగ్ మీద ఊరి మ్యాపు

1966 అక్టోబర్ 27న కెమెరా ముందు నిలబడి ఆ ప్లాన్ మొత్తం వివరించారు. కొద్ది రోజులకే ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది. జీవితమంతా సిగరెట్ వదలని మనిషి. నవంబర్‌లో ఆపరేషన్ చేసి ఎడమ ఊపిరితిత్తి తీసేశారు. ఆఖరి రాత్రి మంచం మీద పడుకుని, సీలింగ్ పలకలనే మ్యాపులా చూపిస్తూ ఏ రోడ్డు ఎటు వెళ్తుందో అన్న రాయ్‌కి వివరించారని చెబుతారు. 1966 డిసెంబర్ 15న, 65 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

రాయ్ అప్పటికే రిటైర్మెంట్‌కి సిద్ధంగా ఉన్నారు. తమ్ముడి కోసం ఆగారు. 1971 అక్టోబర్ 1న ఫ్లోరిడా పార్కు తెరిచారు. దానికి డిస్నీ వరల్డ్ అంటే చాలదు, వాల్ట్ పేరు ముందుండాలని పట్టుబట్టారు. అదే ఏడాది డిసెంబర్ 20న ఆయనా వెళ్లిపోయారు.

ఊరు కాస్తా పార్కు అయింది

వాల్ట్ లేకుండా ఊరు నడపడం కంపెనీకి సాధ్యం కాదనిపించింది. పేరు ఉంచి, ఆలోచన మార్చారు. 1982 అక్టోబర్ 1న ఎప్‌కాట్ ఓ శాశ్వత ప్రపంచ ప్రదర్శనలా మొదలైంది. ముందు 180 అడుగుల ఎత్తున్న వెండి గోళం స్పేస్‌షిప్ ఎర్త్, గుహల నుంచి కంప్యూటర్ దాకా మనిషి సమాచారం పంచుకున్న కథ. వెనక చెరువు చుట్టూ దేశాల మండపాలు. వాటిలో భారత్ మండపం మొదట్లో లేదు, తర్వాతా రాలేదు.

ఒక్కో భవనానికి ఒక్కో పెద్ద కంపెనీ స్పాన్సర్. రవాణా చరిత్రను నవ్విస్తూ చెప్పే వరల్డ్ ఆఫ్ మోషన్. థియేటర్ సీట్లే బండ్లుగా విడిపోయి డైనోసార్ల మధ్యకు కదిలే యూనివర్స్ ఆఫ్ ఎనర్జీ. మట్టి లేకుండా పంటలు పండించే గ్రీన్‌హౌస్‌ల మధ్య నుంచి పడవ సాగే ది ల్యాండ్. డెల్టా రైతులు వెళ్తే గంటసేపు అక్కడే ఆగిపోయే చోటు ఇది. ఈ పడవ మాత్రం పేరు మార్చుకుని ఇప్పటికీ నడుస్తోంది.

హొరైజన్స్‌లో ఓ తాతా, నానమ్మ

అభిమానులు అన్నిటికన్నా ఎక్కువగా తలచుకునేది 1983 అక్టోబర్ 1న వచ్చిన హొరైజన్స్. కరోజల్ ఆఫ్ ప్రోగ్రెస్‌లోని కుటుంబ కథకు కొనసాగింపు అనుకోవచ్చు. ఓ పెద్ద జంట మనకు కథ చెబుతారు. వాళ్ల పిల్లలూ మనవలూ తలో దిక్కు. ఒకరు ఎడారిలో మరమనుషులతో సేద్యం, ఒకరు సముద్రం అడుగున, ఇంకొకరు అంతరిక్షంలో. ఎడారి తోట దగ్గరికి బండి రాగానే గుప్పున నారింజ వాసన! చివర్లో మనవడి పుట్టినరోజుకి అందరూ తెర మీద కనిపించి శుభాకాంక్షలు చెబుతారు. ఏ దారిలో తిరిగి వెళ్లాలో.. ఆకాశమా, ఎడారా, సముద్రమా.. బటన్ నొక్కి మనమే ఎంచుకోవాలి.

ఇప్పుడు మన ఇళ్లలో ఆదివారం ఉదయం జరిగేది ఇదే కదా. మండపేటలో నానమ్మ ఫోన్ పట్టుకుంటే, డల్లాస్‌లో మనవడు కేక్ కోస్తాడు. 1983లో కల్పన అనుకున్నది మనకి దినచర్య అయిపోయింది. కేక్ వాసన మాత్రం తెర దాటి రావడం లేదు!

మరి అంత మంచి రైడ్ ఎందుకు పోయింది? 1993లో స్పాన్సర్ జనరల్ ఎలక్ట్రిక్ తప్పుకుంది. మధ్యలో కొన్నాళ్లు మూసి, వేరే రైడ్లు మరమ్మతుల్లో ఉన్నాయని మళ్లీ తెరిచారు. 1999 జనవరి 9న ఆఖరి బండి నడిచింది. తర్వాత కూల్చేశారు. 2003లో అక్కడే రాకెట్ అనుభూతినిచ్చే మిషన్ స్పేస్ వచ్చింది. వరల్డ్ ఆఫ్ మోషన్ చోట వేగంగా దూసుకెళ్లే టెస్ట్ ట్రాక్, ఎనర్జీ చోట 2022లో గార్డియన్స్ రోలర్ కోస్టర్ వచ్చాయి. గుండె జబ్బున్నవాళ్లు ఎక్కకూడదనే బోర్డులు పెరిగాయి. తాతా మనవడూ పక్కపక్కన కూర్చునే సీట్లు తగ్గాయి.

జనం అడిగితే తిరిగొచ్చిన ఫిగ్మెంట్

అన్నీ పోయాయనడానికి లేదు. 1983లో వచ్చిన జర్నీ ఇంటూ ఇమాజినేషన్‌లో ఫిగ్మెంట్ అనే చిన్న ఊదా రంగు డ్రాగన్ ఉండేది. 1998లో రైడ్ మూసి, మరుసటి ఏడాది కొత్తది తెస్తే అందులో ఫిగ్మెంట్‌ని దాదాపు తీసేశారు. జనం గట్టిగా అడిగారు. 2002లో కంపెనీ దిగొచ్చింది, డ్రాగన్ తిరిగొచ్చింది. హొరైజన్స్‌కి ఆ అదృష్టం లేదు. అందుకే అభిమానులు ఆ నారింజ వాసనతో కొవ్వొత్తులు చేసుకుని వెలిగించుకుంటున్నారు.

మారుతూనే ఉండాలన్న డిస్నీ మాట ప్రకారం చూస్తే కంపెనీ చేసింది తప్పు కాదు. కానీ అదే డిస్నీ పోయిన కొట్టాన్ని పెరట్లో మళ్లీ కట్టుకున్నారు, తనకు ప్రాణమైన ఓ రైడ్‌ని కూల్చనివ్వలేదు. పాత ఎప్‌కాట్ కోసం బెంగపడేవాళ్లు కోరుకునేది కూడా యంత్రాల్ని కాదు. రేపటి లోకంలో మన ఇంట్లో వాళ్లందరికీ, పెద్దవాళ్లతో సహా, చోటుంటుందని అప్పట్లో ఆ బండి ఓ 15 నిమిషాలు నమ్మించింది.

ఈసారి పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడు ఎప్‌కాట్ చూసే వీలుంటే, వెండి బంతి ముందు ఫొటోతో సరిపెట్టకండి. ది ల్యాండ్ పడవ ఎక్కండి. మెల్లగా వెళ్తుంది, భయం ఉండదు, మనవల్ని పక్కన కూర్చోబెట్టుకోవచ్చు. నాటి ఎప్‌కాట్‌లో మిగిలిన ముక్కల్లో అదొకటి.